తలుపు వైపు మెడ

డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వెళ్ళి డ్రైవరు రెండు భుజాల మీద చేతులు ఆనించింది. నొక్కలేదు. ఊరికే ఆనించింది.

"ఇప్పుడు తిప్పండి."

డ్రైవరు తల తిప్పాడు. కిటికీకున్న నీలం తెర కనబడింది. దాని పక్క గోడకున్న కేలండరులో సగం కనబడింది. మిగతా సగం కోసం ఇంకాస్త తిరగబోయాడు.

"భుజం లేస్తోంది," అంది డాక్టరమ్మ.

"లేవలేదమ్మా."

"నా చేతికింద ఉన్న భుజం సంగతి నాకు తెలీదా? దించండి. ఆఁ, ఇప్పుడు మెడ ఒక్కటే."

కేలండరు పోయింది. తెర అంచు దగ్గర చూపు ఆగింది. ఆమె కొలిచే పరికరాన్ని అతని తలకు ఆనించింది. పిల్లల జామెట్రీ పెట్టెలో ఉండే కోణమానినికి రెండు పొడవాటి చేతులు అతికించినట్టు ఉంటుందది. ఒక చెయ్యి భుజం మీదికి, ఇంకో చెయ్యి ముక్కు సూటిగా. వంగి అంకె చదివి, తల అడ్డంగా ఊపి, పరికరం తీసి, మళ్ళీ మొదటినుంచీ పెట్టింది. రెండుసార్లూ ఒకే అంకె వస్తే గాని రాయదు.

"యాభై ఒకటి."

డ్రైవరు, ఆమె రాస్తున్న తన ఆసుపత్రి పుస్తకంలోకి తొంగి చూశాడు. పేజీ పైన మొదటిరోజు అంకె ఉంది, ఇరవై రెండు. దాని కింద ముప్ఫై, ముప్ఫై ఏడు, నలభై నాలుగు. మచ్చ ఏ పక్కన అనే గడిలో 'తలుపు వైపు' అని ఉంది. మొదటిరోజు ఆమె కుడా ఎడమా అని అడిగితే, పాతికేళ్ళుగా బస్సు నడిపినవాడు కాబట్టి అతను అలా చెప్పాడు. బస్సుకు ఒక పక్క తలుపు, ఇంకో పక్క డ్రైవరు కిటికీ. ఆమె నవ్వి, అలాగే రాసుకుంది. రేడియేటరు మూత తీసినప్పుడు ఎగజిమ్మిన నీళ్ళు తలుపు వైపు మెడను కాల్చాయి. ఆ కాలిన చర్మం మానుతూ మానుతూ చెవి కిందినుంచి జబ్బ ఎముక దాకా నాలుగు వేళ్ళ వెడల్పున మోకులా లేచింది. ఆ మోకు వెనక్కి లాగుతుంటే తల కిటికీ వైపు తిరగదు.

"దురద పదికి ఎంత?"

"మూడు. మీరు అడిగాక నాలుగు."

ఆమె మూడు అని రాసింది. మచ్చ ఎత్తు కొలిచింది. రెండు వేళ్ళతో పట్టి లేపి చూసింది. నేల మీద అంటించిన రెండు టేపు గుర్తుల మీద అతన్ని నిలబెట్టి, ఎప్పుడూ పెట్టే దీపం ఎప్పుడూ పెట్టేచోటే పెట్టి, ఫొటో తీసింది. దీపం ఒక జానెడు జరిపితే మచ్చ సగం తగ్గినట్టు పడుతుందని ఆమే ఒకసారి చెప్పింది. ఆ జానెడు ఆమె ఎన్నడూ జరపలేదు.

మత్తు లేపనం పూసి పైన పల్చటి ప్లాస్టిక్ కప్పి నర్సు వెళ్ళిపోయాక డ్రైవరు అసలు సంగతి ఎత్తాడు.

"శుక్రవారం నాకు ఫిట్‌నెస్ పరీక్షమ్మా. అరవై ఉండాలంట."

"తెలుసు. మీరు పోయినసారే చెప్పారు."

"తొమ్మిది తక్కువ. ఈపూట లేజరు కొంచెం గట్టిగా పెట్టి కొట్టండి. నేను ఓర్చుకుంటాను."

"మీరు ఓర్చుకుంటారు. చర్మం ఓర్చుకోదు." ఆమె స్టూలు లాక్కుని అతనికి కనబడేలా, అంటే తలుపు వైపు, కూర్చుంది. "నేను చేసేదల్లా సన్నటి గుంతలు తవ్వడం. పూడ్చుకోవలసింది మీ ఒళ్ళు. ఆ పూడ్చుకోవడంలోనే మచ్చ మెత్తబడుతుంది. దానికి ఆరు వారాలు పడుతుంది. తొందరపెట్టి ఎక్కువ కాలిస్తే అలుగుతుంది. మళ్ళీ లేస్తుంది, ఈసారి ఇంకా ఎత్తుగా. మన చర్మాల రంగుకి నల్లమచ్చ కూడా పడుతుంది."

"రంగుతో నాకేం పనమ్మా. తల తిరిగితే చాలు."

"అందుకే చెబుతున్నా. శుక్రవారానికి నేనేమీ చేయలేను. నాలుగు రోజుల్లో చేస్తానని ఎవరైనా చెబితే వాళ్ళ దగ్గరికి వెళ్ళకండి."

డ్రైవరు తన పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె ఓదార్చబోలేదు.

గంట తర్వాత కళ్ళకు మూతలు పెట్టారు. పొగ పీల్చే గొట్టం నర్సు పట్టుకుంది. యంత్రం టిక్కుమంది. సన్నటి సూదుల చాప ఒకటి మెడకు తాకి లేచినట్టయింది. ఆమె చెయ్యి తీసి, ఆగి, పక్క గడికి జరిపింది. టిక్కు. ఒక గడి మీద ఇంకో గడి పడదు, రెంటి మధ్య చోటు వదలదు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. జబ్బ ఎముక దగ్గర చర్మం పల్చన. అక్కడికి రాగానే ఆమె ఆగి యంత్రంలో ఏదో తగ్గించింది. మీట చప్పుడు వినబడింది. కళ్ళు మూసుకుని ఉన్న డ్రైవరుకు ఆ చెయ్యి ఎక్కడ నెమ్మదిస్తోందో, ఎక్కడ సాగుతోందో చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. బ్రేకు తొక్కడం తెలిసిన చెయ్యి అనుకున్నాడు. డిపోలో అలాంటి కాలు ముగ్గురికో నలుగురికో ఉంటుంది.

చివర ఆ గుంతల్లోకి మందు చుక్కలు వేసి, వేలితో నిదానంగా అద్దింది. చల్లటి తడిగుడ్డ పరిచింది.

"ఎండలోకి వద్దు. గోకొద్దు. ఆరు వారాలకు రండి."

"డ్రైవరుగా వస్తానో, గేటు గుమాస్తాగా వస్తానో."

"ఎలా వచ్చినా మెడ తీసుకుని రండి," అంది డాక్టరమ్మ, చేతి తొడుగులు విప్పుతూ.

ఎనిమిది నెలలుగా డ్రైవరు పని డిపో ఆవరణలోనే. ఆయిలు పోయించుకున్న బస్సును కడిగే చోటికి, కడిగిన బస్సును వరసలోకి జరపడం. గేటు దాటకూడదు. మొదటిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు మెడికల్ ఆఫీసరు అతన్ని గుమ్మంలో ఉండగానే చూసి, మెడ వైపు చూసి ముఖం తిప్పుకుని, 'అన్‌ఫిట్' అని రాసేశాడు. తల తిప్పమని కూడా అనలేదు. రెండోసారి కూడా ఆ మాటే పడితే స్టీరింగు శాశ్వతంగా పోతుంది. గేటు దగ్గర బల్ల, వచ్చే పోయే బస్సుల నంబర్లు రాసుకునే పుస్తకం ఇస్తారు.

దానికి కండక్టరు ఒక ఉపాయం కనిపెట్టాడు. నోరు మూత పడదని డిపో అంతా అతన్ని రేడియో అంటారు. మంగళవారం మధ్యాహ్నం, ఖాళీగా నిలబెట్టిన బస్సులో డ్రైవరును సీట్లో కూర్చోబెట్టి తను ఆఫీసరులా ఎదురుగా నిలబడ్డాడు.

"అన్నా, ఆయన చూసేది ఏంటి? నీ గడ్డం ఎక్కడిదాకా వచ్చిందనే కదా. గడ్డాన్ని మెడే తీసుకురావాలని ఎక్కడైనా రాసుందా? నడుము తిప్పు. నడుముతో పాటు భుజం, భుజంతో పాటు మెడ. పెళ్ళికొడుకు ఫొటోకి తిరిగినట్టు, మొత్తంగా."

డ్రైవరు తిరిగాడు.

"అంత ఊపుగా కాదు. ఆయన కుర్చీ కిర్రుమంటే దొరికిపోతావు. నెమ్మదిగా. గాలికి తలుపు తెరుచుకున్నట్టు. ఆఁ! అరవై కాదు అన్నా, అది డెబ్బై. ఇంకొంచెం తిరిగితే నీ వీపు నువ్వే చూసుకుంటావు."

"డాక్టరమ్మ అయితే పట్టేస్తుంది."

"శుక్రవారం కూర్చునేది డాక్టరమ్మ కాదు కదా. ఆయన నిన్ను ముట్టుకోడు. పోయినసారి నీ గాలి సోకుతుందేమోనని కుర్చీ వెనక్కి జరిపాడన్నావు. అదే ఇప్పుడు మనకి కలిసొచ్చింది."

బుధవారం కూడా సాధన చేశారు. సాయంత్రం ఇంట్లో భార్య అతని మెడ మీద వాజిలీను రాస్తూ, అద్దంలో అతను తిరగడం చూసింది. ఆమె బట్టలు ఇస్త్రీ చేసే కొట్లో పనిచేస్తుంది. వేళ్ళ చివర్లు వేడికి గట్టిపడిపోయాయని, రాసేది మాత్రం మణికట్టు లోపలి మెత్తటి భాగంతో రాస్తుంది. మొదట్లో మచ్చ మీద చెయ్యి వేస్తే చెక్క మీద వేసినట్టుండేదని, ఇప్పుడు కింద నరం కొట్టుకోవడం తెలుస్తోందని చెప్పింది.

"బాగా తిరుగుతున్నారే," అంది.

"నడుముతో."

"నడుమైనా మీదే కదా." యూనిఫాం ఉతికి ఇస్త్రీ చేసి పెట్టానని, శుక్రవారం వెంట తెస్తానని, పని అయిన వెంటనే వేసుకుని డిపోకి వెళ్ళవచ్చని అంది. ఎనిమిది నెలల తర్వాత ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది గాని, చెయ్యి రాసినచోటే రెండుసార్లు రాసింది.

గురువారం పొద్దున్న కడిగే చోట నేల తడిగా ఉంది. నీళ్ళు పోవడానికి ఆ నేలను కొంచెం వాలుగా వేశారు. డ్రైవరు బస్సును వెనక్కి తీసుకొస్తున్నాడు. కిటికీ వైపు వెనక చక్రం దగ్గర కడిగే ఆవిడ కూర్చుని తోముతూ ఉంటుంది. ఇన్ని నెలలూ అతను అద్దం చూసి, కిందికి దిగి చూసి, మళ్ళీ ఎక్కి జరిపేవాడు. అందరూ తాబేలు అని ఏడిపించినా అలాగే చేసేవాడు. ఆ రోజు బ్రేకు మీద కాలు పెట్టి బస్సు ఆపి, రెండు రోజులుగా అలవాటైన పద్ధతిలో నడుము తిప్పి వెనక్కి చూశాడు.

బాగా కనబడింది. చక్రం, నేల, నీళ్ళ గొట్టం, బకెట్టు, అన్నీ కనబడ్డాయి. బకెట్టు దగ్గరవుతున్నట్టు కూడా కనబడింది. ఎందుకు దగ్గరవుతోందో అర్థమయ్యేలోపు కరకరమని చప్పుడైంది. ముందుకు తిరిగి బ్రేకు అదిమాడు.

హ్యాండ్‌బ్రేకు వేసి దిగి వెళ్ళాడు. బస్సు మూరెడు జారింది. బకెట్టు చక్రం కింద అప్పడంలా అయింది. కడిగే ఆవిడ కుళాయి దగ్గరినుంచి గొట్టం చుట్టుకుంటూ వచ్చింది. సబ్బు నురగ మీద ఆమె కూర్చునే పీట అలాగే ఉంది, బకెట్టు పక్కనే, చక్రానికి జానెడు దూరంలో.

"ఏం డ్రైవరు బాబూ, నా బకెట్టు మీద పడ్డావు?"

"నువ్వు ఎప్పుడు లేచావమ్మా?"

"ఇప్పుడే. గొట్టం ఊడిందని." ఆమె బకెట్టును కాలితో తిప్పి చూసింది. "పాతదేలే. స్టోరులో ఇంకోటి ఇప్పించు. చిల్లులు లేనిది."

అతను సరేనన్నాడు. మళ్ళీ సీట్లోకి ఎక్కి, ఇంజను ఆపి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టించి, తలుపు మూసి ఒక్కడే కూర్చున్నాడు. బ్రేకు మీద కాలు పెట్టాడు. మెడ ఒక్కటే తిప్పాడు. కాలు కదల్లేదు. నడుము తిప్పాడు. తుంటి లేచింది, మోకాలు పక్కకు వాలింది, పాదం బ్రేకు మీదనుంచి రెండు వేళ్ళ మందం పైకి వచ్చింది. కాలికి ఆ సంగతి తెలియలేదు. కాలు ఇంకా బ్రేకు మీదే ఉన్నాననుకుంటోంది. మూడుసార్లు చేశాడు. మూడుసార్లూ అంతే.

పాతికేళ్ళలో తన కాలు తనకు అబద్ధం చెప్పడం అదే మొదలు.

శుక్రవారం భార్య వసారాలో బెంచీ మీద, యూనిఫాం సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. డ్రైవరు లోపలికి వెళ్ళాడు. మెడికల్ ఆఫీసరు తల వంచుకుని ఏదో రాస్తున్నాడు.

"డిపో నుంచేనా? కూర్చో." తల ఎత్తలేదు. "మీ మేనేజరు పొద్దున్నే ఫోను చేశాడు. పదకొండు మంది డ్రైవర్లు తక్కువంట, రూట్లు ఆగిపోతున్నాయంట. ఇంద, ఇక్కడ సంతకం పెట్టు."

కాగితం మీద 'ఫిట్' అని అప్పటికే రాసి ఉంది. డ్రైవరు కలం తీసుకున్నాడు. ఆ మాట వైపు చూశాడు. రేడియో ఉపాయంతో కూడా పని పడలేదు. కుర్చీ కిర్రుమనవలసిన అవసరమే రాలేదు.

"మీరు చూడలేదు సార్."

"ఏంటి?"

"నా మెడ చూడలేదు."

"మేనేజరు చెప్పాడయ్యా, డిపోలో బస్సులు నడుపుతూనే ఉన్నావంట కదా."

"పోయినసారి కూడా చూడలేదు సార్."

రాస్తున్న చెయ్యి ఆగింది. ఆఫీసరు తల ఎత్తాడు. డ్రైవరు గొంతులో నిష్ఠూరం లేదు. బస్సు నంబరు చెప్పినట్టు చెప్పాడు.

"ఇప్పుడు నీకు వచ్చిన ఇబ్బంది ఏంటి? ఫిట్ అనే కదా రాశాను."

"అరవై డిగ్రీలు తిరగాలి సార్. నాకు యాభై ఒకటే తిరుగుతుంది. నడుము తిప్పితే డెబ్బై. నడుము తిప్పితే బ్రేకు మీద కాలు ఉండదు. మీరు నా భుజాలు పట్టుకుని చూడండి."

"ఫెయిల్ చేయమని బతిమాలేవాణ్ణి నా సర్వీసులో చూడలేదు," అన్నాడు ఆఫీసరు. అయినా లేచాడు. బీరువాలో వెతికి కోణాలు కొలిచే పరికరం తీశాడు. అది కొన్నప్పటి ప్లాస్టిక్ సంచిలోనే ఉంది. చింపి, దుమ్ము ఊది, డ్రైవరు వెనక నిలబడ్డాడు. పరికరాన్ని చెవి పక్కన పెట్టబోయాడు.

"కీలు నడినెత్తిన పెట్టాలి సార్. ఒక చెయ్యి భుజం మీదికి, ఇంకోటి ముక్కు సూటిగా."

"నువ్వు చెప్పు, నేను నేర్చుకుంటాను," అన్నాడు ఆఫీసరు. వెటకారంగానే మొదలుపెట్టాడు గాని మాట చివరికి వచ్చేసరికి వెటకారం మిగల్లేదు. భుజాల మీద చేతులు వేశాడు. డ్రైవరు తల తిప్పాడు. బీరువా అంచు దాకా వచ్చి ఆగింది.

"యాభై."

"ఇంకోసారి చూడాలి సార్. రెండుసార్లు ఒకటే రావాలి."

ఇంకోసారి కూడా యాభై వచ్చింది.

"సోమవారం లేజరు చేశారు. ఆ వాపుకి ఒకటి తగ్గినట్టుంది," అన్నాడు డ్రైవరు. తన పుస్తకం బల్ల మీద పెట్టాడు.

ఆఫీసరు కూర్చుని పేజీలు తిప్పాడు. ఇరవై రెండు, ముప్ఫై, ముప్ఫై ఏడు. అందులో పెట్టి ఉన్న ఫొటోలు ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. అన్నీ ఒకే దూరం నుంచి, ఒకే వెలుగులో, మచ్చను తగ్గించి చూపేది ఒక్కటీ లేదు. మొదటి ఫొటో దగ్గర చాలాసేపు ఆగాడు. అదే మెడతో ఈ మనిషి ఎనిమిది నెలల కిందట ఆ గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరు చేశారు ఇది?"

"పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ సార్."

"ముట్టుకోవచ్చా?"

డ్రైవరు గడ్డం ఎత్తాడు. ఆఫీసరు చేతులు కడుక్కుని వచ్చి, కొత్తగా గుంతలు మానుతున్న చోటు వదిలి, కింద అంచు మీద వేలు పెట్టాడు. చర్మం పాలిపోయి, వేలు తీయగానే మళ్ళీ రంగెక్కింది. పక్కకు జరిపి చూశాడు. జరిగింది.

"మెత్తగా ఉంది."

"మొదట్లో గోరు దిగేది కాదు సార్."

"ఇంత ఓపిగ్గా..." అని ఆఫీసరు మాట పూర్తిచేయలేదు. మొదటి కాగితం చింపి కొత్తది తీశాడు. "రెండోసారి అన్‌ఫిట్ అని నేను రాయను. మొదటిసారి నేను పరీక్ష చేయలేదు. కాబట్టి ఇదే మొదటిది. యాభై డిగ్రీలు, ఆరు వారాల తర్వాత మళ్ళీ చూడాలి అని రాస్తున్నాను. మొదటిసారి చూడలేదని కూడా రాస్తున్నాను. దాన్ని డిపో ఒప్పుకుంటుందో లేదో నేను చెప్పలేను. ఆరు వారాలకి అరవై రాకపోతే అప్పుడు కూడా నేనే రాయాలి. తెలుసు కదా?"

"తెలుసు సార్."

వసారాలో భార్య లేచి నిలబడింది. అతని ముఖం చూసి సంచి జిప్పు తీయలేదు.

"ఎంత?" అని అడిగింది.

"యాభై."

"రాయనన్నారా?"

"రాశారు. నేనే వద్దన్నాను."

ఆమె అతన్ని అలాగే చూసింది. అడగవలసినవి చాలా ఉన్నాయి. సంచి సర్దుకుని అతని పక్కనే మెట్లు దిగింది.

స్టాపులో ఎక్కిన బస్సులో టిక్కెట్లు కొడుతున్నది రేడియోయే. సంగతి విని, మధ్యాహ్నం ఖాళీ బస్సయినా అందరూ వినేలా అందుకున్నాడు.

"నీకు మతిగానీ పోయిందా అన్నా? ఆయన రాసి పెట్టాడు, కలం నీ చేతిలో పెట్టాడు. దాన్ని చింపించుకొచ్చావా? వదినా, నువ్వైనా చెప్పవా? రెండు రోజులు ఎండలో నా గొంతు పోయేలా నేర్పించాను. ఇప్పుడు ఆ గేటు బల్ల దగ్గర కూర్చుని నేను వస్తుంటే నంబరు రాసుకుంటావా?"

"నిన్న బకెట్టు పోయింది కదా," అన్నాడు డ్రైవరు.

"బకెట్టుకీ దీనికీ ఏంటి?"

డ్రైవరు చెప్పాడు. కూర్చున్నచోటే పాదం నేలకు ఆనించి, నడుము తిప్పి చూపించాడు. పాదం లేచింది. రేడియో దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆవిడ పీట ఎక్కడుందో డ్రైవరు చెప్పలేదు. రోజూ ఆవరణలో తిరిగేవాడికి చెప్పనక్కర్లేదు. రెండు స్టాపులు గడిచినా రేడియో నోరు విప్పలేదు. మూడో స్టాపులో ఎవరో టిక్కెట్టు అడిగితే లేచి వెళ్ళాడు.

భార్య తలుపు లేని వైపు వరసలో కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళోనే ఉంది. యూనిఫాం మడత చెడకుండా రెండు అరచేతులూ దాని మీద పరిచింది.

"ఆరు వారాలకి వస్తుందా, అరవై?"

అతనికి తెలియదు. తెలియదని చెప్పడానికి ఆమె ముఖం చూడాలనిపించింది. భుజాలు సీటుకు ఆనించి, మెడ ఒక్కటే కిటికీ వైపు తిప్పాడు. ఆమె చెయ్యి కనబడింది, సంచి కనబడింది, చెవి కమ్మ కనబడింది. అక్కడ ఆగింది. భుజం లేపలేదు.

ఆమె కాస్త ముందుకు వంగి, అతని చూపులోకి వచ్చింది.